అన్నా, నువ్వొస్తేగానీ వెలగదు!

వినాయక చవితికి నెల ముందు గుత్తిలో వీధికో కమిటీ పుడుతుంది. చందా పుస్తకాలు అచ్చవుతాయి, విగ్రహానికి అడ్వాన్సు వెళ్తుంది, ఆ తర్వాత లైటింగు మాట వస్తుంది. పోయినేడు పక్క వీధివాళ్లు నెమలి బోర్డు పెట్టారు కాబట్టి ఈ ఏడు మనం దాని తలదన్నేది పెట్టాలి. కమిటీలో డిప్లొమానో బీటెక్కో చదివిన కుర్రవాడు ఒకడుంటాడు. "పాటకు తగ్గట్టు ఆడే లైట్లు నేను చేస్తా" అంటాడు. ఈ సలహాలు ఆ కుర్రవాడికి.

ఇప్పుడు పందిళ్ల ముందు కనిపించే నెమలీ, చక్రమూ, తొండం ఊపే గణపతీ అన్నీ పిక్సెల్ లైట్ల బోర్డులు. వాటి వెనకాల టీ-1000ఎస్ అనే కంట్రోలరు డబ్బా ఒకటి వేలాడుతుంటుంది. కంప్యూటర్లో ముందే గీసిపెట్టిన ఆట దాని మెమరీ కార్డులోంచి వస్తుంది. దానికి చెవుల్లేవు. మంత్రపుష్పం చదువుతున్నా, తప్పెట మోగుతున్నా నెమలి తన లెక్కన తాను పురి విప్పుతుంది. అంతకు ముందు రోలర్లుండేవి. మోటారుతో తిరిగే డ్రమ్ముకు రేకులు అతికించి, ఒక్కో వరస బల్బులకూ వంతులవారీగా కరెంటు అందించేవారు. అవీ చెవిటివే. కానీ ఈ రెండింటికీ ఒక చెడ్డ గుణం ఉంది. స్విచ్ వేస్తే వెలుగుతాయి. చేసినవాడు ఊళ్లో ఉన్నా లేకున్నా వెలుగుతాయి. అందుకే చేసినవాడి పేరు ఎవరికీ తెలియదు.

తమ్ముడూ, నువ్వు ఆ తప్పు చేయకు. నువ్వు చేసే దీపాలు నువ్వు పక్కన నిలబడితేనే వెలగాలి. రాత్రి ఎనిమిది గంటలకు ఫోను మోగాలి. "అన్నా, నువ్వొస్తేగానీ వెలగడం లేదు" అనాలి. కింద రాసినవన్నీ ఆ ఫోను కోసమే.

కొనడం

ఏం చేయాలో తేలకముందే సామాను కొనెయ్యండి. గుత్తి నుంచి బెంగళూరుకు రైలెక్కి ఎస్.పి. రోడ్డులో దిగబడండి. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ అయినా పర్లేదు. కాగితం మీద లెక్క వేసుకుని వెళ్తే సంచి సగమే నిండుతుంది, అది మర్యాద కాదు.

రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ ఉంది. ఏటీఎం కార్డంత బోర్డు. పిల్లలు ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవాలని కేంబ్రిడ్జివాళ్లు 2012 ఫిబ్రవరి 29న బజారుకు తెచ్చారు. ఇందులో మొదటి సగం, అంటే నేర్చుకోవడం, మనకు అక్కర్లేదు. 2021లో వచ్చిన జీరో 2 డబ్ల్యూ అనే చిన్న మోడలు విడుదల ధర 15 డాలర్లు, పందిరి దీపాలకు అది ధారాళంగా సరిపోతుంది. అందుకే దాన్ని తీసుకోకండి. 8 జీబీ ర్యామ్ ఉన్న పెద్దదే తీసుకోండి. ఇక ఈఎస్‌పీ-32 అని ఇంకా చిన్న చిప్ బోర్డు ఉందనీ, డబ్ల్యూఎల్‌ఈడీ అనే ఉచిత ప్రోగ్రాము వేస్తే కొన్ని వందల రూపాయల్లో పని అయిపోతుందనీ ఎవడైనా చెబితే చెవిలో వేలు పెట్టుకోండి. కొన్ని వందల్లో అయ్యే పనికి కమిటీలో గౌరవం ఉండదు.

చెవి సంగతి. రాస్ప్‌బెర్రీ పైకి శబ్దం వినే ద్వారం లేదు. నాలుగో మోడలు పక్కన హెడ్‌ఫోను రంధ్రం ఉంది కానీ అది పాట బయటికి పోయే దారి, లోపలికి వచ్చే దారి కాదు. అయిదో మోడల్లో ఆ రంధ్రమూ తీసేశారు. వినిపించాలంటే యూఎస్‌బీ సౌండ్ కార్డు గుచ్చాలి, లేదా ఐఎన్‌ఎంపీ-441 లాంటి చిన్న డిజిటల్ మైకును దాని కాళ్లకు కలపాలి. మీరు రెండూ కొనకండి. మైకు వైరును ఆ హెడ్‌ఫోను రంధ్రంలోనే పెట్టి, వాల్యూమ్ పెంచుతూ, రాత్రి రెండు దాకా చూస్తూ కూర్చోండి. ఇంట్లోవాళ్లు మీరేదో గొప్ప పని చేస్తున్నారనుకుంటారు.

ఎల్‌ఈడీ స్ట్రిప్ కొనేటప్పుడు "అన్నీ ఒకటే కదన్నా" అనండి. ప్రతి బల్బులోనూ చిన్న చిప్ ఉండి, దేనికదే వేరే రంగు చూపగలిగే రకం ఒకటి ఉంది. డబ్ల్యూఎస్ 2812బి అంటారు. మొత్తం పట్టీ ఒకేసారి ఒకే రంగు మారే మామూలు రకం ఇంకొకటి. మొదటి దానికి ప్రోగ్రాము రాసుకుని రెండోది కొనుక్కురండి. అయిదు మీటర్ల చుట్ట విప్పి గోడకు అంటించాక, జిగురు ఎండాక తేడా తెలుస్తుంది.

సప్లయి

పాటకు ఆడే దీపాల పుస్తకాలన్నీ ప్రోగ్రాము గురించి చెబుతాయి. అసలు ఫోన్లు వచ్చేది కరెంటు దగ్గర. కాబట్టి దీని మీద కాస్త నిదానంగా నిలబడదాం.

డబ్ల్యూఎస్ 2812బి బల్బు ఒక్కొక్కటి తెల్లగా నిండుగా వెలిగితే 60 మిల్లీఆంపుల దాకా తాగుతుంది. మీటరుకు 60 బల్బులు, అయిదు మీటర్లకు 300. అంటే 18 ఆంపులు. అయిదు వోల్టుల దగ్గర 90 వాట్లు. ఇంట్లో ఉన్న ఫోను చార్జరు రెండు ఆంపులు ఇస్తుంది. రెండుకూ పద్దెనిమిదికీ ఎంత తేడా? తొమ్మిది రెట్లేగా. సర్దుకుంటుంది లెండి. ఎస్‌ఎంపీఎస్ అని చిల్లుల రేకు డబ్బాలు అమ్ముతారు, 20 ఆంపులవి, 30 ఆంపులవి. అవి లైటింగువాళ్లకు. మీరు చదువుకున్నవాళ్లు.

చార్జరు కూడా వృథా అనుకుంటే పట్టీని తిన్నగా రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీదున్న అయిదు వోల్టుల కాలికే కలిపేయండి. పాటలో తప్పెట దెబ్బ పడుతుంది, దీపాలన్నీ ఒక్కసారి లేస్తాయి, వోల్టేజి కూలుతుంది, కంప్యూటర్ మూర్ఛపోయి మళ్లీ మొదటినుంచి లేస్తుంది. లేచేసరికి చరణం అయిపోతుంది. మళ్లీ దెబ్బ, మళ్లీ మూర్ఛ. ఇది కూడా ఒక రకంగా సంగీతానికి స్పందించడమే.

సప్లయి గురించి గుత్తివాళ్లకు ఇంకొకరు చెప్పాలా! చుట్టుపక్కల నేల మీద నుంచి దాదాపు మూడు వందల మీటర్ల ఎత్తు లేచిన కొండ, దాని మీద కోట, బురుజులు, వరస వాకిళ్లు. 1776లో మురారి రావు ఘోర్పడే చేతిలోంచి ఆ కోట హైదర్ అలీకి పోయింది ఫిరంగులవల్ల కాదు, పైన నీళ్లు అడుగంటడంవల్ల. చరిత్ర రాసిన విల్క్స్ దొర ఒక ముచ్చట చెబుతాడు. డబ్బు తీసుకుని వెనక్కి తిరగడానికి హైదర్ దాదాపు ఒప్పుకున్నాడట. ఆ మాటకు పూచీగా కోటలోంచి పంపిన కుర్రవాడు హైదర్ మనుషులతో భోజనానికి కూర్చుని, వాళ్ల పొగడ్తలకు ఉబ్బిపోయి, నీళ్లు లేకనే కదా లొంగాం అని నోరు జారాడట. అంతే, హైదర్ ఒప్పందం పక్కన పెట్టి కదలకుండా కూర్చున్నాడు. మనం నేర్చుకోవలసిందేమిటి? గోడలు గట్టిగా కనబడితే చాలు. లోపల సప్లయి ఎంతుందో కమిటీ భోజనాల దగ్గర మాత్రం నోరు జారకండి.

పట్టీకి ఒక చివరే కరెంటు ఇవ్వండి. పట్టీలోపలి రాగిరేకు సన్నం, పోను పోను వోల్టేజి తగ్గుతుంది. నీలం, ఆకుపచ్చ వెలగడానికి మూడు వోల్టుల దరిదాపు కావాలి, ఎరుపుకు రెండు చాలు. అందుకని ఈ చివర మల్లెపువ్వులా ఉన్న తెలుపు ఆ చివరకు వెళ్లేసరికి పసుపెక్కి, తర్వాత ఎర్రబడుతుంది. రెండో చివరా, మధ్యలోనూ కూడా సప్లయి తీగలు కలిపితే ఇది పోతుంది. కలపకండి. ఎవరైనా అడిగితే కుంకుమ రంగు థీమ్ అని చెప్పండి.

తీగ విషయానికొస్తే కాలింగ్ బెల్లుకు వాడే సన్న వైరు చాలు. చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది, ఇంకాసేపటికి పై తొడుగు మెత్తబడి వాసన వస్తుంది. ఆ వాసన సాంబ్రాణిలో కలిసిపోతుంది. ఫ్యూజు వేస్తే ఆ దశ దాకా రానివ్వదు కాబట్టి ఫ్యూజు వద్దు.

ఇక 230 వోల్టుల మెయిన్ లైను. విద్యుత్తు ఆఫీసులో తాత్కాలిక కనెక్షనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ పందిరి పక్కనే స్తంభం ఉండగా దరఖాస్తు ఎందుకు, కొక్కెం చాలు కదా అనేవాళ్లు ప్రతి కమిటీలోనూ ఉంటారు. 2003 విద్యుత్తు చట్టం 135వ సెక్షను ప్రకారం అది దొంగతనం, జైలుదాకా పోయే నేరం. వానపడితే గండం జైలు దగ్గర ఆగదు. "గుత్తిలో వాన ఏందన్నా" అని నవ్వుతారు. నిజమే, అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల దరిదాపే. దేశంలోనే వాన కరువున్న జిల్లాల్లో పేరు పొందింది. కానీ ఆ కాస్త వానలో పెద్ద వాటా పడేది సెప్టెంబరులో. చవితి వచ్చేది ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో. పది నెలలు మొగం చూపని వాన సరిగ్గా మీ ఇనప పైపుల పందిరి మీదికే వస్తుంది. ఆ పైపు పట్టుకుని నిలబడే పిల్లల కోసం 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ అని ఒక స్విచ్చు దొరుకుతుంది, లీకేజి కనబడగానే లైను తెంచేస్తుంది. ఇక్కడ నేను ఎగతాళి ఆపుతున్నాను. అది పెట్టండి. పిల్లవాడు పోయాక ఫోను చేసేవాళ్లు వేరే ఉంటారు.

దిష్టి

ఇంట్లో టేబుల్ మీద బాగా పనిచేసిన పట్టీ పందిట్లో పిచ్చిపిచ్చిగా మినుకుమంటుంది. ఒక రంగు అడిగితే ఇంకో రంగు వస్తుంది. నిపుణులు దీనికి ఒక కారణం చెబుతారు. రాస్ప్‌బెర్రీ పై కాళ్ల మీద సంకేతం ఎత్తు 3.3 వోల్టులు. అయిదు వోల్టుల మీద నడిచే పట్టీ ఒకటి అనే అంకెను గుర్తుపట్టాలంటే కనీసం 3.5 కావాలి. టేబుల్ మీద జానెడు తీగతో ఎలాగో గట్టెక్కుతుంది, పందిట్లో మూడు మీటర్ల తీగ వేసేసరికి మాట తడబడుతుంది. మధ్యలో 74ఏహెచ్‌సీటీ125 అనే చిన్న చిప్ పెడితే సంకేతాన్ని అయిదు వోల్టులకు లేపుతుంది. కంప్యూటర్ గ్రౌండూ పట్టీ గ్రౌండూ కలపడం, సంకేతం తీగలో 330 ఓముల రెసిస్టరు, సప్లయి మొదట్లో 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు, ఇవన్నీ కూడా ఆ వైద్యంలో భాగమే.

మీరు నిమ్మకాయా, ఎండుమిరపకాయలూ కట్టండి. ఖర్చు తక్కువ, పైగా నలుగురికీ అర్థమయ్యే పరిష్కారం.

ఇంకో చిత్రం ఉంది. పాత మోడళ్లలో పట్టీకి సంకేతం పంపే 18వ నంబరు కాలూ, హెడ్‌ఫోను రంధ్రానికి పాట పంపే యంత్రాంగమూ లోపల ఒకటే. రెండూ ఒకేసారి వాడితే రెండూ చెడతాయి. రాస్ప్‌బెర్రీ పై సౌండును ఆపెయ్యాలి, లేకపోతే పట్టీని 10వ నంబరు కాలికి మార్చుకోవాలి. మీరు మాత్రం రెండూ నడపండి. పాటలో గరగర, దీపంలో మిణుకుమిణుకు. అప్పుడు స్పీకరువాడు మిమ్మల్నీ, మీరు స్పీకరువాణ్నీ తిట్టుకోవడానికి వీలుంటుంది.

వినడం

అసలు విద్య ఇక్కడుంది, అందుకే ఇక్కడ ఎక్కువగా చెడగొట్టాలి.

మైకులోకి వచ్చిన శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. అందులోంచి 1024 అంకెల మూట ఒకటి తీసుకుంటే, అది 23 మిల్లీసెకన్ల పాట. ఆ మూటను ఫూరియే లెక్కలో వేస్తే ఏ స్థాయిలో ఎంత బలం ఉందో, సుమారు 43 హెర్ట్జ్‌లకు ఒక గది చొప్పున విడిపోతుంది. మొదటి నాలుగైదు గదుల్లో డోలు గుండెదెబ్బ, నడిమి గదుల్లో గొంతు, పై గదుల్లో తాళాల గలగల. ఈ లెక్కను వేగంగా చేసే పద్ధతిని కూలీ, ట్యూకీ అనే ఇద్దరు 1965లో ప్రచురించారు కాబట్టే ఇవాళ ఏటీఎం కార్డంత బోర్డు దాన్ని చేస్తూ కూడా ఖాళీగా కూర్చోగలుగుతోంది.

మీరు ఈ గొడవంతా వదిలేయండి. శబ్దం ఎక్కువైతే దీపం ఎక్కువ, తక్కువైతే తక్కువ, అంతే. డీజే పెట్టెల పాటలో మొదటి నుంచి చివరి దాకా శబ్దం ఒకే మట్టంలో, పైకప్పుకు అతుక్కుని ఉంటుంది. కాబట్టి మీ దీపాలు కూడా మొదటి నుంచి చివరి దాకా నిండుగా వెలుగుతూనే ఉంటాయి. పాటకు స్పందించే ట్యూబ్ లైటు మన దగ్గర తప్ప ఎక్కడా లేదు.

ఎంత శబ్దం వస్తే దెబ్బ అనుకోవాలో ఆ హద్దును మీ గదిలో, ఫోనులో సినిమా పాట పెట్టుకుని, తలుపేసి, ఒక్కసారే నిర్ణయించి ప్రోగ్రాములో మేకులా దిగగొట్టండి. గడిచిన ఒకటి రెండు సెకన్ల సగటు శబ్దంతో పోల్చి, దానికన్నా బాగా మించినదే దెబ్బ అని అప్పటికప్పుడు తేల్చుకునే ప్రోగ్రాములు రాస్తారు కొందరు. అవి పందిరిలోనూ పనిచేస్తాయి, వీధిలోనూ పనిచేస్తాయి, మీరు లేకపోయినా పనిచేస్తాయి. ప్రమాదం!

మన జిల్లా వాయిద్యాలకు ఈ మేకు హద్దు భలే కుదరదు. తప్పెటను చూడండి. మోగించే ముందు మంటకు కాస్తారు, చర్మం బిగిసి గొంతు పైకి లేస్తుంది. అరగంట వాయించేసరికి చల్లారి గొంతు దిగుతుంది, మళ్లీ కాస్తారు. పీర్ల పండుగకు గుండం చుట్టూ ఆడేటప్పుడు గమనించండి, ఒక రాత్రిలోనే తప్పెట స్వరం ఎన్నిసార్లు ఎక్కి దిగుతుందో. ఉరుములు ఇంకా మొండివి. అనంతపురం పల్లెల్లో కనబడే ఆ వాయిద్యంలో ఒక పక్క కొట్టడం, ఇంకో పక్క పుల్లతో చర్మాన్ని రాయడం. ఆ రాపిడికి పుట్టే మూలుగుకు మొదలెక్కడో చివరెక్కడో తెలియదు. దెబ్బల కోసం కాచుకున్న ప్రోగ్రాముకు అది వినిపించనే వినిపించదు. కింది గదుల బలాన్ని నెమ్మదిగా అనుసరించే దీపం ఒకటి వేరుగా పెట్టి, తప్పెటకు చురుగ్గా లేచి మెల్లగా ఆరే దీపం ఇంకొకటి పెడితే, ఆ రెండు వాయిద్యాలూ కళ్లకు కూడా విడివిడిగా కనబడతాయి. అమెరికాలో, చైనాలో రాసిన ప్రోగ్రాములేవీ ఉరుము కోసం రాసినవి కావు. గుత్తి కుర్రవాడే రాయాలి. అంత పని ఎందుకు, వాళ్లది దించుకుని వాళ్ల పాటకే ఆడించండి.

ఆలస్యం కూడా ముఖ్యమే. 1024 బదులు 8192 అంకెల మూట కట్టండి. ఒక్కో మూటకూ 186 మిల్లీసెకన్లు. తప్పెట మోగిపోయాక, వాయించినవాడు చెయ్యెత్తాక, అప్పుడు దీపం వస్తుంది. చాలకపోతే బ్లూటూత్‌లో పాట తెప్పించుకోండి, ఇంకాస్త కలుస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్ల దరిదాపులో నడుస్తుంది. మైకును పెట్టెకు 34 మీటర్ల దూరాన వీధి మొగలో కడితే ఇంకో పదో వంతు సెకను ఉచితం.

మైకును ఎక్కడ పెట్టాలనేది మిగిలింది. జనరేటరు పక్కన పెట్టండి. పూజారి హారతి పట్టి, పాటలాపి, అందరూ చేతులు జోడించిన వేళ మీ దీపాలు మాత్రం జనరేటరు గుర్రుకు తందనాలాడుతుంటాయి. వీధివీధంతా మీ పేరే తలుచుకుంటుంది.

రంగులు

ఉన్న రంగులన్నీ ఒకేసారి వాడండి. 1910లో స్క్రియాబిన్ అనే రష్యా సంగీతకారుడు ఒక కృతి రాస్తూ వాయిద్యాల వరసతో పాటు దీపాలకూ ఒక వరస రాశాడు, ఎక్కడ ఏ రంగు రావాలో. మాస్కోలో మొదటిసారి వాయించినప్పుడు ఆ దీపాలు కుదరలేదు, 1915లో న్యూయార్కులో గానీ జనం రంగులతో కలిపి వినలేదు. అంత ముందుచూపు ఉండబట్టే ఆయనకు ఆలస్యమైంది. మీకు కాగితమూ కలమూ వద్దు.

చీకటిని అసలు రానివ్వకండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య దీపం ఆరితేనే రెండో దెబ్బ కనబడుతుందనేది చాదస్తుల మాట. ఇంకో చాదస్తం గామా సవరింపు. అంకెల్లో సగం వెలుగు కంటికి సగంగా అనిపించదు, సగంకన్నా చాలా ఎక్కువగా అనిపిస్తుంది. అందుకని కింది అంకెలను ఇంకా కిందికి నొక్కితే మెల్లగా ఆరే దీపం నిజంగా మెల్లగా ఆరినట్టు కనిపిస్తుంది. ప్రోగ్రాములో ఒక్క వరస రాస్తే అయ్యే పని. ఒక్క వరసే కాబట్టి ఎవరూ మెచ్చుకోరు, రాయకండి.

గబగబా కొట్టుకునే మెరుపుల మోజు మాత్రం పట్టుకోకండి. 1997 డిసెంబరులో జపాన్‌లో పిల్లల కార్టూను పోకెమాన్‌లో ఎరుపూ నీలమూ సెకనుకు పన్నెండు సార్ల చొప్పున మెరిస్తే 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. సెకనుకు మూడు మించకుండా ఉంచమనేది అందరూ ఒప్పుకున్న హద్దు. ఈ విషయంలో కూడా నా ఎగతాళి చెల్లదు. పందిరి ముందు వరసలో కూర్చునేది చిన్నపిల్లలే.

తనంతట తాను

ఇన్ని చేసినా ఒక్కోసారి దీపాలు మొండికేసి బాగానే వెలుగుతాయి. అప్పుడు ఆఖరి అస్త్రాలు ఉన్నాయి.

ప్రోగ్రామును మీరే ప్రతిసారీ ల్యాప్‌టాప్‌లోంచి మొదలుపెట్టేలా ఉంచండి. కరెంటు రాగానే దానంతట అదే మొదలయ్యేట్టు సర్వీసు ఫైలు రాసిపెట్టడం పది నిమిషాల పని. అది ఉంటే ల్యాప్‌టాప్ అక్కర్లేదు, ఫోను అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, మీరూ అక్కర్లేదు. ఏ బుద్ధిమంతుడు తనను తాను అక్కర్లేకుండా చేసుకుంటాడు? మీ ఫోను హాట్‌స్పాట్ అందితేనే పనిచేసే ఏర్పాటు ఇంకా మేలు. మీరు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినడానికి సందు తిరిగితే పందిరి చీకటైపోవాలి.

మెమరీ కార్డును మామూలుగానే వదిలేయండి. కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. రాస్ప్‌బెర్రీ పై ఏదో రాసుకుంటున్న క్షణంలో కరెంటు పోతే కార్డు లోపలి లెక్కలు చెదిరిపోతాయి, మూడో నాడో నాలుగో నాడో అది లేవదు. కార్డు మీద ఏమీ రాయకుండా తాళం వేసే ఏర్పాటు దాని సెట్టింగుల్లోనే ఉంది, ఓవర్‌లే అంటారు. దాని జోలికి పోకండి. ఇంకో కార్డులో నకలు తీసి కమిటీ సెక్రటరీ చేతికి ఇవ్వడం అయితే ఆత్మహత్యతో సమానం.

బోర్డును నల్లరంగు వేసిన ఇనప పెట్టెలో పెట్టి, చిల్లులు లేకుండా మూసి, రేకుల కప్పు మీద ఎండలో పెట్టండి. దాని చిప్ 80 డిగ్రీలు దాటితే తన వేగం తానే తగ్గించుకుంటుంది. పాట వేగంగా, దీపం నిదానంగా. చిల్లులు పెడితే దుమ్ము దూరుతుందనే భయం న్యాయమైనదే, గుత్తి దుమ్ము ఎలాంటిదో అందరికీ తెలుసు. పాత చీర గుడ్డ ఒక పొర అడ్డం కట్టి నీడలో పెడితే రెండూ తీరతాయి. కానీ నీడలో పెడితే ఎవరికి కనబడుతుంది?

రాత్రి పదికి మైకులు కట్టెయ్యాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు కూడదు, ప్రభుత్వం ఏడాదిలో కొన్ని పండుగ రోజులకు అర్ధరాత్రి దాకా సడలిస్తే తప్ప. మంచి దీపాలు చిన్న మైకు ముందు చేతి తాళాలు తట్టినా ఆడతాయి, కాబట్టి పది తర్వాత చెక్కభజనకు కూడా సరిపోతాయి. మీరు హద్దు మేకులా కొట్టారు గనక పెట్టెలు మోగితే తప్ప మీ దీపం కళ్లు తెరవదు. కాబట్టి పోలీసు జీపు వచ్చేదాకా పెంచుతూనే ఉండండి.

ఎవరో ఒకరు "కోట మొదటి వాకిలికి కట్టేద్దాం, ఊరంతా కనబడుతుంది" అంటారు. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఆ రాళ్లలో మేకు దిగగొడితే 1958 చట్టం కింద, 2010 సవరణ తర్వాత, రెండేళ్ల దాకా జైలు. ఆ రెండేళ్లూ మీ దీపాలు ఎలాగూ వెలగవు కాబట్టి ఫోన్లు వస్తూనే ఉంటాయి, కానీ ఎత్తడానికి వీలుండదు. బేరం గిట్టదు.

ఏ తీగ ఎక్కడికి పోతుందో కాగితం మీద రాయకండి, తీగలకు రంగు టేపులు చుట్టకండి, తమ్ముళ్లకెవరికీ చూపకండి. వచ్చే ఏడు మీకు బెంగళూరులో ఉద్యోగం వస్తుంది. పెట్టె ఎవరింటి అటక మీదికో చేరుతుంది. చవితి ముందు కమిటీవాళ్లు ఫోను చేస్తారు, మీరు మీటింగులో ఉంటారు. వాళ్లు గుంతకల్లుకో అనంతపురానికో వెళ్లి టీ-1000ఎస్ డబ్బాతో నెమలి బోర్డు బాడుగకు తెచ్చుకుంటారు. దానికి చెవులుండవు, అయినా స్విచ్ వేస్తే వెలుగుతుంది.

ఈ సలహాలకు అడ్డంగా పోయి, నిమజ్జనం దాకా ఒక్క ఫోనూ రాకుండా తొమ్మిది రాత్రులు దీపాలు ఆడించినవాళ్లు గుత్తిలో గానీ, పామిడిలో గానీ, పెద్దవడుగూరులో గానీ ఉంటే, దయచేసి మీ వైరింగు కాగితం, ప్రోగ్రామూ ఏదైనా జూనియర్ కాలేజీ ల్యాబు గోడకు మాత్రం అంటించకండి. పిల్లలు చూసి చేసేసుకుంటారు.